ఉత్తసూది గీసిన దారి

తోలు మాస్టారింటికి దిగిన బావమరిది అసలు బావమరిదే కాదట. ఎదురు షాపులో ఇస్త్రీ చేసే పిన్ని ఈ మాట కుట్టుమిషను అక్కతో అన్నదట. అక్క పాలవాడితో అన్నదట. పాలవాడు వీధి చివరిదాకా పాలతోపాటు ఆ మాట కూడా పోసుకుంటూ పోయాడు.

"తిన్న పళ్ళెం తనే కడుక్కునే బావమరిదిని నేనెక్కడా చూళ్ళేదమ్మా," అన్నదట పిన్ని. "పైగా చొక్కా మడతపెడతాడూ, నా మడత కంటే సూటిగా! చచ్చిపోయిన అక్క ఫొటో గోడమీదుంటే సరిగ్గా దానికిందే కూచుని టీ తాగుతాడు, ఒక్కసారి తలెత్తి చూడడు. నిన్నటికి నిన్న, బెల్టుమీద పువ్వు పొడిపించుకోడానికి వచ్చినాయనతో, 'నాలుగు రోజులు తడి తగలనివ్వకండి సార్, దురద పెడితే గోకకండి' అన్నాడట. బెల్టుకి దురదేమిటే! మాస్టారు నుదురు కొట్టుకున్నాడట."

పిన్ని చెప్పిందంతా నిజమే. అతను బావమరిది కాదు, గూఢచారి. ఆఫీసు ఫైళ్ళలో అతనికో కోడ్ నంబరుంది గానీ, సాటివాళ్ళు పిలిచేది చిలక్కొయ్య అని. ఏ వేషం తగిలించినా ముడత పడకుండా వేలాడుతుందని ఆ పేరు. లిఫ్టు మెకానిక్కు, పశువుల డాక్టరు, ఒకసారి పెళ్ళికొడుకు, అన్నీ తగిలించారు. ఆ పెళ్ళికూతురు ఇంకా వెతుకుతోందని క్యాంటీన్లో జోకు. చిలక్కొయ్య ఆ ఒక్క జోకుకీ నవ్వడు.

ఇప్పుడీ వేషం తగిలించడానికి కారణం ఒక హత్య.

సరిహద్దు అవతల విషాలు తయారుచేసి అమ్ముకునే ముఠా ఒకటుంది. దాని గుట్టు తెలిసిన సాక్షిని ఆఫీసు ఒక సేఫ్‌హౌస్‌లో దాచింది. ఆ ఇంటి అడ్రసు ఎవరూ ఫోన్లో పలకలేదు, కాగితం మీద పెట్టలేదు. అయినా ఒక పొద్దున పాలప్యాకెట్టు కోసం తలుపు తీసిన మనిషిని తలుపులోనే కాల్చేశారు. కాల్చినవాళ్ళలో ఒకడు గోడ దూకుతుంటే జేబులోంచి పర్సు జారింది. చేత్తో కుట్టిన తోలుపర్సు. దానిమీద టాటూ మెషీనుతో పొడిచిన తీగ, తీగ మీద పిట్ట.

బ్రీఫింగ్ రోజున ఆ పర్సు పెద్దాయన బల్లమీద ఉంది. పెద్దాయనంటే ఆఫీసు మొత్తానికి చీఫ్.

"ఎక్స్‌రే తీయించారా సార్?"

"తీయించా."

"యూవీ?"

"అదీ అయింది. కుట్లు విప్పించా. లోపల బస్సు టిక్కెట్టు కూడా లేదు. ఇది పర్సేనని ల్యాబ్ వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చారు."

"మరి గుట్టెలా దొరికింది?"

"నా తలవల్ల."

పెద్దాయనకి ఆలోచన తెగకపోతే తల నిమురుకునే అలవాటు. తలమీద వెంట్రుకలు ఎప్పుడో రిటైరైపోయినా, నూనె రాయడం మాత్రం ఆయన మానలేదు. ఆ చేత్తోనే పర్సుని నలుపుతూ కూర్చున్నాడట. కాసేపటికి పిట్ట రెక్క పక్కన, ఏ బొమ్మా లేని తోలు మీద, సన్నటి గోధుమరంగు గీత తేలింది. ఇంకాస్త రుద్దితే ఇంకో గీత. గీతలు కలిసి వీధి, వీధిలో మలుపు, మలుపులో ఇల్లు, ఇంటిమీద చుక్క. సాక్షి చచ్చిపోయిన ఇల్లు.

"ఇంకు లేకుండా పొడిచారు," అన్నాడు పెద్దాయన. "మెషీన్లో సూది ఒక్కటే ఆడుతుంది. బెజ్జాలు కంటికి ఆనవు. నూనె పడితే బెజ్జమున్నచోట లోపలికి దిగి రంగు ముదురుతుంది. ఆ పనివాళ్ళు దాన్ని ఉత్తసూది అంటారట. మనం ఫోన్లు వింటున్నాం, మెయిళ్ళు చదువుతున్నాం, ఆకాశంలో శాటిలైట్లు తిప్పుతున్నాం. పర్సులూ హ్యాండ్‌బ్యాగులూ ఎవడు చూస్తాడయ్యా?"

"పొడిచినవాడు?"

"తోలు మాస్టారని ఒకాయన. ఎవరి కంటా పడకుండా పట్టుకొచ్చాం, కింద రూములో ఉన్నాడు. అసలు సంగతి విను. ముఠా ల్యాబ్‌లోంచి పారిపోయి వచ్చిన కెమిస్టు ఒకావిడ మన దగ్గరుంది, ఇద్దరు పిల్లలతో. ఆవిడ కోర్టులో నోరు విప్పేదాకా బతకాలి. తరవాతి మ్యాపు ఆవిడ ఇంటికి, ఒక హ్యాండ్‌బ్యాగు మూతమీద. ఆ మ్యాపుని మనం ఆపకూడదు. అవతలికి వెళ్ళనివ్వాలి. కానీ తప్పు మ్యాపై వెళ్ళాలి. చంపడానికొచ్చే స్క్వాడ్ మొత్తం అదే పేటలో ఉన్న ఖాళీ గోడౌన్‌లోకి నడుచుకుంటూ రావాలి."

"మాస్టారి చేతే తప్పు మ్యాపు పొడిపిద్దాం."

"పొడవడు. అడిగి చూడు."

మాస్టారు పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ లొంగని నల్లటి ఇంకు. కుర్చీ ఇచ్చినా గోడకి ఆనుకునే నిలబడ్డాడు.

"మా చెల్లెలు అవతల వాళ్ళ బ్యాగుల ఫ్యాక్టరీలో కుడుతుంది సార్," అన్నాడు. "ఉద్యోగమని పిలిస్తే వెళ్ళింది. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో పెట్టుకున్నారు. నేనిక్కడ వాళ్ళు చెప్పింది పొడుస్తున్నన్నాళ్ళూ అదక్కడ కుడుతుంది. నేను తప్పు పొడిచానని వాళ్ళకి తెలిసిందనుకోండి..." గోడకి ఇంకాస్త ఒదిగాడు. "నా చేత్తో చెయ్యను. మీరే చేసుకోండి. కానీ ముందు దాన్ని ఇవతలికి తీసుకురండి. అది ఇవతల కాలుపెట్టాక నన్ను జైల్లో పెట్టినా సరే, చేతులు విరిచినా సరే."

"తీసుకొస్తాం," అన్నాడు చిలక్కొయ్య.

"ఎవరు?"

"ఆఫీసుకి అటునుంచి మనుషుల్ని దాటించే రూటుంది. ఒక్క మనిషికి చోటుంది. బ్యాగు అటు దాటేలోపు మీ చెల్లెలు ఇటు దాటుతుంది. నేను మాటిస్తున్నా."

పెద్దాయన తల నిమురుకున్నాడు.

*

అలా చిలక్కొయ్య బావమరిదయ్యాడు. అంతకుముందు అతన్ని ఒక టాటూ పార్లర్‌లో ట్రైనింగుకి పెట్టారు. మొదట నారింజ తొక్కల మీద, తరవాత తన తొడమీద పొడిచి నేర్చుకున్నాడు. తొడమీద చేప గీయబోతే చెప్పులాంటిదేదో వచ్చింది. పొడిపించుకున్న ప్రతి కస్టమరుకీ పార్లర్‌వాడు చెప్పే జాగ్రత్తలు చెవుల్లో అలాగే అతుక్కుపోయాయి. బెల్టాయనతో అన్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే.

"ఒంటి తోలుకి తప్పు పొడిస్తే పుండవుతుంది, పక్కు కడుతుంది, మానుతుంది," అన్నాడు మాస్టారు ఆ సాయంత్రం. "ఇది మానదు బావమరిదీ. దీంట్లో ఒక బెజ్జం పడిందంటే పడిందంతే. తుడిపేది లేదు. పక్కన ఇంకోటి పొడిచి దారి మళ్ళించుకోవాలి, లేకపోతే మీద నల్లగా నింపెయ్యాలి."

వర్క్‌షాపంటే ఒక పొడుగాటి గది. ఒక పక్క తోలు చుట్టలు నిలబెట్టి ఉంటాయి. కిటికీ కింద బల్ల, బల్లమీద తడి స్పాంజి, ఇంకు బుడ్డీలు, మైనం ముద్ద, కాళ్ళకింద మెషీను పెడలు. తోలుని స్పాంజితో ఒకసారి అద్దితే చాలు, ఎక్కువ తడిస్తే ఇంకు పాకుతుంది. పొడిచిన వెంటనే గుడ్డతో తుడవాలి, ఆలస్యమైతే మరక తోలు సొంతమవుతుంది. మెషీను గుయ్యిమంటుంటే మాస్టారు ఊపిరి బిగబట్టి గీత లాగేవాడు. గీత అయ్యాకే ఊపిరి వదిలేవాడు. చిలక్కొయ్య గీత మధ్యలో ఊపిరి తీసుకునేవాడు, అందుకే అతని పిట్టలన్నీ వణుకుతున్నట్టుండేవి.

గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు అతనికి రెండే వస్తువులిచ్చారు. చెవి లోపల పట్టే రిసీవరు ఒకటి, అందులో పెద్దాయన గొంతు వినిపిస్తుంది. పెడల్ అడుగున మైకుతో సహా ట్రాన్స్‌మిటర్ ఒకటి, గదిలో మాటలు ఆఫీసుకి మోస్తుంది. ఒకసారి తొక్కితే సరేనని, రెండుసార్లు తొక్కితే కుదరదని. వానపడితే రిసీవర్లో వాతావరణ సూచన కూడా వచ్చేది.

మాస్టారి సరుకు కొనేది పెద్దబజార్లో ఒక బొటిక్. దాని ఓనరుని వీధంతా సెంటు మేడమ్ అంటారు. ఆవిడ మలుపు తిరగకముందే ఆవిడ సెంటు తిరుగుతుంది. నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమలు, ఎవరిమీదా ఆగని చూపు. చాలాకాలంగా ఆవిడ ఆఫీసు మనిషి. ఆ బజారుకొచ్చే విదేశీయుల కబుర్లు ఆఫీసుకి మోస్తుంది, సేఫ్‌హౌస్‌లకి సామాను చేరవేస్తుంది. చిలక్కొయ్య మొదటిసారి సరుకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కోడ్ ప్రకారం అడిగాడు.

"నాన్నగారి బెల్టుకి ఇంకో బెజ్జం పడాలండీ. లావయ్యారు."

"ఆయన అలాగే ఉన్నారు. బెల్టే మారింది," అని కోడ్ ప్రకారమే చెప్పి, కళ్ళద్దాలు కిందికి దించి చూసింది. "ఈ వేషం నీకు నప్పలేదు. కిందటిసారి లిఫ్టు మెకానిక్కే నయం. కనీసం పైకీ కిందకీ వెళ్ళేవాడివి."

*

పిన్ని మాట వీధి చివరిదాకా వెళ్ళిందని చెప్పాను కదా. చివర్లో ఒక లాడ్జి ఉంది. అందులో ఎంత ఎండలోనైనా కోటు విప్పని మనిషి ఒకడుంటాడు. ముఠా తరఫున మాస్టారిమీద కాపలా వాడిది. వాడు ఆ మధ్యాహ్నమే వర్క్‌షాపులోకి వచ్చాడు, చేతిలో ఫోనుతో.

"ఏం కోటు బాబూ, ఇవాళ కాదుగా ఫోను?" అన్నాడు మాస్టారు. చెల్లెలితో మాట్లాడించేది వారానికొక్కసారి.

"ఇవాళ స్పెషల్. మీ బావమరిదికి కూడా చుట్టాల గొంతు వినాలని ఉంటుంది గదా." కోటు స్టూలు లాక్కుని కూచుని, ఫోను స్పీకరులో పెట్టాడు. "ఏమయ్యా, బెల్టుకి దురద తగ్గిందా?"

చిలక్కొయ్య నవ్వినట్టు పళ్ళు చూపించాడు.

"అన్నయ్యా!" అన్నది ఫోను. "తిన్నావా?"

"తిన్నానే."

"అబద్ధం. తింటే నీకు మాట మధ్యలో త్రేన్పొస్తుంది. రాలేదు. నా పెద్దసూది ఎవరికైనా ఇచ్చావా?"

"నేనెందుకిస్తానే."

"ఇస్తే ఊరుకోను చెప్తున్నా. నువ్వు కుట్టేవి కుట్లు కావు, కంచె పాతినట్టుంటాయి. నేనొచ్చి అన్నీ విప్పి కుట్టాలి."

కోటు ముందుకి వంగాడు. "అమ్మాయ్, ఇక్కడ మీ వదిన తమ్ముడున్నాడు. పలకరించు."

అవతల కుట్టుమిషన్ల చప్పుడు వినబడుతోంది. దాని మధ్య ఆమె గొంతు ఆగిపోయింది.

"వదినకి తమ్ముడా?"

మాస్టారి చేతిలో గుడ్డ కిందపడింది. కోటు చెయ్యి మెల్లగా కోటు లోపలికి పోయింది. చిలక్కొయ్య కిటికీకీ తలుపుకీ మధ్య దూరం చూసుకున్నాడు.

"వదినకి తమ్ముడెక్కడ..." అని, అక్కడే పకపకా నవ్వేసింది. "ఓరి నాయనో, వదిన పిన్ని కొడుకా! వరసకి తమ్ముడంటే తమ్ముడే గానీ, వాణ్ణెందుకు చేర్చావన్నయ్యా! వదిన పెళ్ళికి బయల్దేరి బస్టాండులో నిద్రపోయినవాడే కదూ? తోలంతా తగలేస్తాడు! ఏం బావా, బతికే ఉన్నావా?"

"ఉన్నా మరదలా," అన్నాడు చిలక్కొయ్య.

"ఉండు ఉండు. మా అన్నయ్యని చూసుకో."

"చూసుకుంటా."

"అందరూ అట్లాగే అంటారు," అన్నది. లైను తెగింది.

కోటు చెయ్యి బయటికి వచ్చింది, ఉత్త చేతిరుమాలుతో. మెడ తుడుచుకుని, "బస్టాండులో నిద్రపోయావా!" అని తొడ చరుచుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మాస్టారు కిందపడ్డ గుడ్డ తీసి బల్లమీద పడేశాడు.

"నా పెళ్ళాం తరఫున మగపురుగు లేదు," అన్నాడు. "అది దానికి తెలుసు. ఎంత త్వరగా అల్లిందో చూశావా?"

"చూశాను బావా."

"ఇప్పుడు దానికి ఇంకోటి కూడా తెలిసింది. ఇక్కడికెవరో వచ్చారని. తన కోసమే అనుకుంటుంది. ఇవాళే బట్టలు సర్దుకుని కూచుంటుంది పిచ్చిముండ."

చిలక్కొయ్య పెడల్‌మీద కాలుపెట్టాడు. చెవిలో పెద్దాయన గొంతు పలికింది. "అంతా విన్నా. చురుకైన పిల్ల. రూటు సంగతి నేను చూస్తా. నువ్వు కానీ."

అతను ఒకసారి తొక్కాడు.

*

తరవాతి వారంలో బొటిక్ నుంచి తోలు చుట్ట వచ్చింది. ఎప్పుడూ వచ్చేలాంటిదే. మాస్టారు దాన్ని బల్లమీద పరిస్తే లోపలినుంచి స్టెన్సిలు కాగితం జారింది. పైకి తీగా, పిట్టా. వెనక పెన్సిలుతో సన్నని వీధులు. చిలక్కొయ్య ఆ వీధులు గుర్తుపట్టాడు. కెమిస్టు ఉంటున్న వీధి. ఆమె పిల్లలు మేడమీద సైకిలు తొక్కుతుంటే అతనోసారి చూశాడు కూడా. దిగితే ఎవరైనా చూస్తారని మేడమీదే గుండ్రంగా తిరుగుతారు.

కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సెంటు.

ఆఫీసు నమ్మిన మనిషే ఆఫీసు గుట్టు మోస్తోంది. మెషీను చప్పుడు చాటున ఈ సంగతి పెద్దాయనకి గొణిగాడు.

"వాసన ఎవిడెన్స్ కాదు," అన్నది చెవి. "నీ పని నువ్వు చూడు."

ఆ చల్లదనం చిలక్కొయ్యకి నచ్చలేదు. తెలియని సంగతి విన్న మనిషి అంత చల్లగా ఉండడు.

మ్యాపు పొడిచే పూట కోటు వచ్చి స్టూలుమీద కూచున్నాడు, పక్కకి కదల్లేదు. మాస్టారు హ్యాండ్‌బ్యాగు మూతమీద నల్లటి తీగ పొడిచాడు, పిట్టని పొడిచాడు. సూది కడిగి, ఇంకులో ముంచకుండా రెక్కపక్కన దింపాడు. సూది ఆడుతోంది, తోలు మీద ఏమీ పడటంలేదు. ఉత్త చేతులతో నీళ్ళు తోడుతున్నట్టుంది చూడ్డానికి. ఊపిరి బిగబట్టాడు. ఊపిరి వదిలేసరికి కెమిస్టు ఇల్లు తోలు లోపలుంది. మైనం రాయగానే కోటు బ్యాగుని సంచిలో వేసుకుని పోయాడు. అలా పోతాడని తెలుసు. అందుకే చిలక్కొయ్య పని బొటిక్‌లో పెట్టుకున్నారు.

మోసేది ఎవరో అమాయకురాలు. ఊళ్ళు చూడ్డానికి వచ్చి తిరిగి వెళ్తున్న ఒక టీచరమ్మ. బ్యాగు కొనుక్కుని విమానమెక్కుతుంది. అవతల దిగాక ఎవడో దాన్ని కొట్టేస్తాడు. పోతే పోయింది, పాత బ్యాగు మిగిలిందనుకుంటుంది. అయితే కొన్నవాళ్ళ పేరులో మొదటి అక్షరం కళ్ళముందే పొడిచిస్తామని బొటిక్ బోర్డు పెట్టింది. ఆ బోర్డు పెట్టించింది ఆఫీసు. పొడిచేవాడు చిలక్కొయ్య.

బయల్దేరేముందు మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు.

"దాటిందా?"

"ఇవాళ దాటుతుంది బావా."

"దాటాక పొడు. దాటకముందు పొడవకు."

"సరే."

*

బొటిక్‌లో అద్దాల వెనక లైట్లు, తోలు వాసనమీద సెంటు వాసన. కోటు తలుపు దగ్గర నిలబడి బెల్టులు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. మేడమ్ కౌంటరు వెనక. టీచరమ్మ ఎదురుగా కూచుని, కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది.

"దానికి నొప్పి పుట్టదు కదా బాబూ?" అని తన జోకుకి తనే నవ్వింది.

"పుట్టాల్సిన నొప్పంతా దానికెప్పుడో పుట్టేసిందమ్మా," అన్నాడు చిలక్కొయ్య.

స్పాంజితో మూత అద్దాడు. వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్న మెషీను మోగించాడు. అక్షరం మొదలుపెట్టాడు, నెమ్మదిగా. చెవిలో పెద్దాయన వచ్చాడు.

"స్క్వాడ్ కోసం గోడౌన్ రెడీ. నువ్వు రెడీయా?"

అతను తొక్కలేదు.

"ఆ అమ్మాయి సంగతి కోసం ఆగావా? విను. రూటులో చోటు వేరేవాళ్ళకి వెళ్ళింది. హై వాల్యూ. ప్రయారిటీ మారింది. సారీ."

అక్షరం తోక దగ్గర సూది ఆగింది. చిలక్కొయ్య రెండుసార్లు తొక్కాడు. మెషీను గుయ్యి గుయ్యిమంది.

"నువ్వు రెండుసార్లు తొక్కితే రూటులో చోటు పెరగదయ్యా."

ఎడమ చేతి పక్కనే ఇంకు బుడ్డి ఉంది. మూతలేని బుడ్డి. మోచెయ్యి తగిలితే చాలు. బ్యాగు మూతంతా నల్లగా మునుగుతుంది. మ్యాపు పోతుంది, కెమిస్టు బతుకుతుంది. పొరపాటు చేసింది బస్టాండులో నిద్రపోయే బావమరిది కనక మాస్టారిమీదికి రాదు. అవతల ఆ అమ్మాయి రేపు కూడా కుట్టుకుంటూ ఉంటుంది. స్క్వాడ్ ఒక్కటే దొరకదు.

పెద్దాయన ఎదురుగా లేకపోయినా ఎదురుగా ఉన్నట్టే మాట్లాడాడు. "బుడ్డి ఒలికిద్దామని చూస్తున్నావు. ఒలికించు. నెల తిరిగేసరికి ఇంకో బ్యాగు బయల్దేరుతుంది, మనకి తెలియని మాస్టారి దగ్గర్నుంచి. అప్పుడా ఇంటికి నేను వెళ్ళను. మేడమీద సైకిలు నువ్వే వెళ్ళి దింపుకో."

టీచరమ్మ గడియారం చూసుకుంది. "అయిపోవచ్చిందా బాబూ? టాక్సీ ఆగి ఉంది."

కోటు బెల్టు వదిలేసి ఇటు తిరిగాడు.

చిలక్కొయ్య బుడ్డిని చేతిలోకి తీసుకున్నాడు. దాని బరువు తెలిసేదాకా పట్టుకున్నాడు. తరవాత చెయ్యందనంత దూరంగా, కౌంటరు అవతలి అంచున పెట్టాడు.

"అక్షరం ఒంటరిగా ఉందమ్మా," అన్నాడు. "తీగకి ఒక మొగ్గ కలిపితే అందంగా ఉంటుంది. ఊరికే."

కెమిస్టు ఇంటి చుక్క ఎక్కడుందో వేలికి తెలుసు. దానిమీద మొగ్గ పొడిచాడు, సందు లేకుండా నల్లగా నింపాడు. ఇక ఎంత నూనె రాసినా అక్కడ మొగ్గే. సూది కడిగాడు, గుడ్డకి అద్దాడు. ఊపిరి బిగబట్టాడు. ఈసారి మధ్యలో తీసుకోలేదు. ఉత్తసూది పాత మలుపు దగ్గర దిగి, పక్కసందులోకి తిరిగి, గోడౌన్ దాకా వెళ్ళి, అక్కడ చుక్క పెట్టి లేచింది. తన చెయ్యి అంత నిలకడగా ఉంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

"చూపించు," అన్నది మేడమ్.

బ్యాగు లాక్కుని, గోరు చివరతో మూతమీద నడిపించింది. గోరు పిట్టమీద నడిచింది, మొగ్గమీద నడిచింది, కొత్త బెజ్జాల దగ్గరికొచ్చి ఆగింది. తడి ఆరని తోలు. గోటికి తెలియకుండా ఉండదు. కోటు రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

మేడమ్ కళ్ళద్దాల వెనకనుంచి అతన్ని చూసింది. మొదటిసారి ఆ చూపు ఒక మనిషిమీద ఆగింది.

"మొగ్గ బాగుంది," అన్నది. "ప్యాక్ చేసెయ్."

టాక్సీ తలుపు పడింది. బ్యాగు వెళ్ళిపోయింది. అప్పుడతను ఒకసారి తొక్కాడు, సరేనని.

*

స్క్వాడ్ వచ్చింది. తోలుమీది దారి పట్టుకుని సందులోకి తిరిగి, గోడౌన్ షట్టరు ఎత్తి, లోపలున్న ఆఫీసు మనుషుల చేతుల్లోకి ఒక్కొక్కళ్ళే నడిచారు. లాడ్జిలో కోటుని మంచంమీదే పట్టుకున్నారు. కోటు విప్పి పడుకున్నాడట. కెమిస్టు కోర్టులో రెండు పూటలు మాట్లాడింది. పేపర్లవాళ్ళకి చెప్పకపోయినా ఆఫీసు క్యాంటీన్లో స్వీట్లు పంచారు. చిలక్కొయ్య తీసుకోలేదు, పళ్ళు బాగాలేవన్నాడు.

స్క్వాడ్ దొరికిన మర్నాటినుంచి అవతలి ఫ్యాక్టరీ ఫోను మోగటం మానేసింది.

ఒక మధ్యాహ్నం మాస్టారిని పెద్దాయన గదికి పిలిపించారు, థ్యాంక్స్ చెప్పడానికి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మడత చూస్తే పిన్ని చేసిందని తెలుస్తోంది. చిలక్కొయ్య కిటికీ పక్కన నిలబడ్డాడు. సోఫాలో సెంటు మేడమ్ కూచుని ఉంది. కళ్ళద్దాలు లేవు, సెంటు లేదు, ఎవరో వేరే మనిషిలా ఉంది. ఆమె పక్కన ఒక కుర్రాడు, కొత్త బూట్లు, రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని.

"మీ వల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి మాస్టారూ," అన్నాడు పెద్దాయన. "ఇంకో ఊళ్ళో షాపు ఏర్పాటు చేస్తున్నాం. మెషీన్లు, తోలు, అన్నీ మేమే."

"ఈ అబ్బాయెవరండీ?" అన్నాడు మాస్టారు.

పెద్దాయన తల నిమురుకున్నాడు. మేడమే చెప్పింది, నేలచూపుతో. "నా తమ్ముడు. మీ చెల్లెల్లాగే... నా తమ్ముణ్ణి కూడా పెట్టుకున్నారు వాళ్ళు. అందుకే మోశాను."

చిలక్కొయ్యకి అప్పుడర్థమైంది, గోరు ఎందుకు ఆగి మళ్ళీ కదిలిందో. ఆ గోటి ఖరీదు ఈ కుర్రాడు. రూటులో ఉన్న ఒక్క చోటు.

మాస్టారు కుర్రాడి వైపు తిరిగాడు. కోపంగా కాదు. "మా చెల్లెలు నీకు తెలుసా బాబూ?"

"ఒకటే షెడ్డండీ," అన్నాడు కుర్రాడు. టీ కప్పు కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ పట్టుకున్నాడు. "అక్కా అనేవాణ్ణి. నేనొచ్చే రోజుకి బట్టలు సంచిలో పెట్టుకుని ఉంది. ఎవరైనా వస్తే లేటవకూడదని, మిషను కిందే పెట్టుకునేది. నన్ను పిలవడానికొస్తే, తననేమోననుకుని ఆమె కూడా లేచి నిలబడింది."

పెద్దాయన గొంతు సవరించుకుని లేచాడు. ఇలాంటప్పుడు వాడే గొంతు ఆయన దగ్గర ఒకటుంది, అది తీశాడు.

"మీ చెల్లెలి త్యాగాన్ని మేమెవరమూ ఎప్పటికీ మరిచిపోం మాస్టారూ."

మాస్టారు ఆయన్ని చూశాడు. మేడమ్‌ని చూశాడు. కిటికీ పక్కనున్న బావమరిదిని చూశాడు.

"అది త్యాగం చెయ్యలేదండీ," అన్నాడు. "దాన్నెవరు అడిగారు?"